గాజుపెట్టెలో ఎండ

మా ఇంట్లో ఒక బల్లి ఉన్నదంటే తెలుగువాళ్ళెవరూ దాన్నొక విశేషంగా లెక్కపెట్టరు. బల్లి లేని ఇల్లు ఎక్కడున్నది గనక! ట్యూబులైటు వెనక ఒకటి, దేవుడి పటం వెనక ఒకటి, అద్దెలేని కాపురాలు చేస్తూనే ఉంటాయి. మా బల్లి సంగతి వేరు. దాన్ని డబ్బిచ్చి కొన్నాం. దానికొక పేరున్నది (బంగారి), గాజు ఇల్లున్నది, ఆ ఇంటికి సొంతంగా ఒక ఎండ ఉన్నది. ఈ టపా ఆ ఎండను గురించి, ఆ ఎండ ఎంత కాయాలో నిర్ణయించే చిన్న పెట్టెను ఎంచుకోవడం గురించి.

ఆ పెట్టె పేరు థర్మోస్టాటు. 1830లో ఆండ్రూ యూర్ అనే స్కాట్లండు రసాయనవేత్త గ్రీకు మాటలు రెండింటిని అతికి చేసిన పేరిది: వేడిని నిలిపి ఉంచేది అని అర్థం. మనవాళ్ళు పుస్తకాల్లో రాసే 'ఉష్ణోగ్రతా నియంత్రకం' మా అమ్మాయి నోట పలకలేదు. ఇద్దరం కూర్చుని 'వేడికాపరి' అని ఒక మాట కట్టుకున్నాం. మేకలకాపరి ఉన్నప్పుడు వేడికాపరి ఎందుకు ఉండకూడదు? ఇంట్లో ఆ మాటే చెల్లుబాటవుతున్నది. ఇక్కడ మాత్రం అందరికీ తెలిసిన మాటే వాడతాను.

బంగారి చిరుతబల్లి. శాస్త్రజ్ఞులు యూబ్లెఫారిస్ మాక్యులారియస్ అంటారు. దీని పుట్టిల్లు అఫ్గానిస్తాను, పాకిస్తాను, వాయవ్య భారతాల్లోని పొడి రాతినేలలు. అమెరికాలో అమ్మేవి తరతరాలుగా పెట్టెల్లో పుట్టి పెరిగినవే. మన గోడబల్లికి లేని కనురెప్పలు దీనికున్నాయి. గోడబల్లికి ఉన్న అంటుకునే పాదాలు దీనికి లేవు. కాబట్టి గోడ ఎక్కలేదు, నెత్తిన పడలేదు, బల్లిశాస్త్రానికి పనికిరాదు. తోకలో కొవ్వు దాచుకుంటుంది. అన్నట్టు, దీని దాయాదులు మన తూర్పు కనుమల్లోనూ ఉన్నాయి. ఆంధ్ర, ఒడిశాల కొండల్లోని ఒక జాతిని 2022లో ప్రత్యేక జాతిగా గుర్తించి యూబ్లెఫారిస్ పిక్టస్ అని పేరు పెట్టారు. అది చదివి ముచ్చటపడి తెచ్చి పెంచుకుందామనుకునేరు! అడవిలోని జీవాలను పట్టి తెచ్చుకోవడం మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి విరుద్ధం. అవి కొండల్లో ఉండటమే వాటికీ మనకూ మేలు.

ఇక ఎండ సంగతి. బల్లి, పాము, తాబేలు వంటివాటిని శీతరక్త జీవులని బడిలో చదువుకున్నాం. ఆ మాట నిజానికి తప్పుదోవ పట్టిస్తుంది. ఎండలో కాగిన బండమీది తొండ రక్తం మన రక్తమంత వెచ్చగా ఉండవచ్చు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువగానూ ఉండవచ్చు. తేడా ఎక్కడంటే, మనం వేడిని తిండినుంచి లోపలే తయారు చేసుకుంటాం, అది బయటినుంచి తెచ్చుకుంటుంది. రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ అనే ఇద్దరు అమెరికను శాస్త్రజ్ఞులు ఎడారి సరీసృపాల ఒంటి వేడిని కొలిచి 1944లో ఒక వ్యాసం ప్రచురించారు. తిరుగాడే వేళల్లో ఆ బల్లుల ఒంటి వేడి చాలా తక్కువ తేడాతో దాదాపు నిలకడగా ఉంటున్నదని వాళ్ళు చూపించారు. ఎలా? చల్లబడితే ఎండలోకి, వేడెక్కితే నీడలోకి. అంతే యంత్రాంగం. అంటే బల్లి తనకు తానే ఒక వేడికాపరి. కాళ్ళతో నడిచే థర్మోస్టాటు.

ఈ ఒక్క సంగతి మనసుకు పట్టాక నాకు మిగిలిన లెక్కంతా సులువైంది. పెట్టెనంతటినీ ఒకే వేడిలో ఉంచడం మన పని కాదు. ఒక చివర వెచ్చగా, మరొక చివర చల్లగా ఉంచి, మధ్యలో నడిచే చోటు వదలాలి. చిరుతబల్లికి వెచ్చని చివర నేలమీద 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, చల్లని చివర 24 నుంచి 26 ఉంటే చాలు. మా పెట్టె పొడవు 91 సెంటీమీటర్లు, వెడల్పు 46. ఎనిమిది డిగ్రీల తేడాను అంత చిన్న చోటులో నిలపాలి. నిలపకపోతే ఏమవుతుందంటే, చల్లదనం ఎక్కువైతే తిన్న పురుగు కడుపులో అరగక కుళ్ళుతుంది. వేడి ఎక్కువైతే పొట్ట కాలుతుంది. ఇది అతిశయోక్తి కాదు. వేడి పైనుంచి రావడానికి అలవాటుపడ్డ ఈ ప్రాణులు కిందినుంచి కాలుతున్నప్పుడు వెంటనే లేచి పోవు. ఒకప్పుడు విరివిగా అమ్మిన 'వేడిరాళ్ళ' మీద పడుకుని పొట్ట కాల్చుకున్న బల్లులు, పాములు పశువైద్యుల దగ్గరికి చాలానే వచ్చాయి.

మా అమ్మ మొదటిసారి ఈ ఏర్పాటంతా చూసి, "ఒరేయ్ నాన్నా, మన పెరట్లో తొండలకు ఎవరు పెట్టార్రా హీటర్లు?" అన్నది. ఎవరూ పెట్టలేదు. తెనాలి దగ్గర మా పెరట్లో తొండకు పొద్దున తూర్పుగోడ ఉండేది, మధ్యాహ్నం వేపచెట్టు ఉండేది, బావిగట్టు చెమ్మ ఉండేది. ఏది కావాలంటే అక్కడికి పోయేది. దీనికి నాలుగు వైపులా గాజు. గాజు ఇవతల డాలసు శివారులో ఏసీ ఇల్లు. దాని గోడ, చెట్టు, బావిగట్టు అన్నీ మనమే. అమ్మకు ఈ మాట నచ్చిందో లేదో చెప్పలేను గానీ, ఆ తరవాత రోజుకు రెండుసార్లు వచ్చి పెట్టెమీది అంకె చదివి వెళ్ళేది.

2019లో బల్లి రాకముందే పెట్టె సర్ది, ఖాళీ పెట్టెలోనే పరీక్షలు మొదలుపెట్టాను. 16 వాట్ల వేడిపరుపును గాజు అడుగున అంటించి, పైన ఒక పెంకు పలక పరిచి, ఏ అదుపూ లేకుండా వదిలాను. పదహారు వాట్లంటే మన పాత జీరో బల్బుకన్నా కాస్త ఎక్కువ, అంతే. రెండు గంటల్లో పలక 47 డిగ్రీలకు చేరింది! చెయ్యి పెట్టి ఉంచలేకపోయాను. ఆ పరుపు అట్టపెట్టెమీద మాత్రం 'చిరుతబల్లులకు అనువైనది' అని చక్కగా అచ్చువేసి ఉన్నది. వేడి ఇచ్చే వస్తువు అమ్మేవాడు వేడికి కళ్ళెం కూడా కలిపి అమ్మాలని ఎక్కడా నియమం లేదు మరి.

కళ్ళేలలో రకాలున్నాయి. మొదటిది మనందరికీ తెలిసినదే: ఇస్త్రీపెట్టెలో 'టిక్కు'మనేది. రెండు లోహాలను కలిపి అతికిన పట్టీ వేడెక్కితే ఒక పక్కకు వంగుతుంది, వంగి విద్యుత్తును తెంచుతుంది, చల్లారితే మళ్ళీ కలుపుతుంది. ఈ జంటలోహపు పట్టీని పద్దెనిమిదో శతాబ్దంలో జాన్ హారిసన్ తన సముద్ర గడియారంకోసం కనిపెట్టాడు. ఇప్పటి డిజిటల్ పెట్టెల్లో పట్టీ బదులు ఒక చిన్న సెన్సరు, ఒక రిలే ఉంటాయి. పద్ధతి అదే: ఉంటే పూర్తిగా, లేకుంటే అసలే లేదు. 32 దగ్గర ఆపు, 31 దగ్గర వెయ్యి. ఆ మధ్యనున్న ఎడం లేకపోతే రిలే నిమిషానికి పదిసార్లు కొట్టుకుని అరిగిపోతుంది గనుక ఎడం ఉండి తీరాలి. పరుపువంటి మందకొడి హీటరుకు ఇది చాలు. గాజు, పెంకు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారతాయి కాబట్టి ఆ ఆటుపోట్లు బల్లి పొట్టకు తెలియవు. బల్బుకు మాత్రం పనికిరాదు. పగలంతా వెలుగుతూ ఆరుతూ ఉంటే ఆ ఇంట్లో మనమైనా కాపురం ఉండగలమా? బల్బు తీగ ఆయుష్షూ తరుగుతుంది.

రెండోది మసకబార్చే రకం. బల్బును ఆర్పదు, గమ్యం దగ్గరపడుతున్నకొద్దీ వెలుగు తగ్గిస్తూ పోయి, ఎంత వేడి బయటికి పోతున్నదో సరిగ్గా అంతే లోపలికి పంపుతూ నిలబడుతుంది. సైకిలు తొక్కేవాడు ఎత్తుపల్లాలనుబట్టి కాలి ఒత్తిడి మార్చుకున్నట్టు. హాలోజను బల్బుకు ఇదే తగినది. మూడోది విడతలుగా పంపే రకం. పూర్తి శక్తినే పంపుతుంది గానీ చిన్నచిన్న విడతల్లో, విడతల మధ్య విరామాన్ని పెంచుతూ తగ్గిస్తూ. వెలుగివ్వని పింగాణీ హీటర్లకు, పరుపులకు అనుకూలం. బల్బుకు పెడితే దీపావళే. అతినీలలోహిత కాంతినిచ్చే ట్యూబులను, పాదరసపు దీపాలను ఏ రకం థర్మోస్టాటుకూ తగిలించకూడదు. వాటికి మామూలు టైమరు చాలు.

పేర్లకేమి, అమెరికాలో హెర్ప్‌స్టాట్, ఇంక్‌బర్డ్, బ్రిటనులో హాబీస్టాట్, మైక్రోక్లైమేట్ అని వినబడతాయి. వీటిలో ఇంటివద్ద బీరు కాచుకునేవాళ్ళు వాడే పెట్టె బల్లులవాళ్ళ దగ్గరా కనిపిస్తుంది. వేడికి బీరు, బల్లి భేదం లేదు. ధరలు చవకదానికీ ఖరీదైనదానికీ మధ్య నాలుగైదు రెట్ల తేడా. నాకు ఎటూ తేలక, స్వదేశంలో సబ్‌స్టేషనులో ఇంజనీరుగా చేస్తున్న మా బావగారికి ఫోను చేశాను. బల్లికోసమని విని ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"బావగారూ, అది బాగా పనిచేసే రోజు సంగతి అట్టపెట్టెమీద రాసే ఉంటుంది. చెడిపోయే రోజు సంగతి అడగండి. మీ రిలే తెరుచుకుని చస్తుందా, మూసుకుని చస్తుందా?"

ఎంపికకు సంబంధించి నేను విన్న మాటల్లో ఇంతకు మించినది లేదు. రిలే లోపలి స్పర్శలు తెరుచుకునేటప్పుడు చిన్న మెరుపు పుడుతుంది. వేలసార్లు పుట్టాక ఒకరోజు ఆ రెండు మొనలూ కరిగి అతుక్కుపోవచ్చు. అప్పుడు తెరమీద అంకె 40 చూపిస్తున్నా, లోపల 'ఆపు' అన్న ఆజ్ఞ వెలువడుతున్నా, విద్యుత్తు పోతూనే ఉంటుంది. మసకబార్చే రకంలో రిలే బదులు ట్రయాక్ అనే అర్ధవాహకం ఉంటుంది. అది చెడినా సాధారణంగా మూసుకునే చెడుతుంది. అంటే ఖరీదైనదైనా, చవకదైనా, చావు తరచు ఒకే దిక్కుకు: వేడి దిక్కుకు. చల్లబడి చెడితే మనకు వ్యవధి ఉంటుంది, బల్లి ఒక రాత్రి ఓర్చుకుంటుంది. వేడెక్కి చెడితే ఒక్క మధ్యాహ్నం చాలు.

కాబట్టి ఒకటి కాదు, రెండు కొన్నాను. పని చేసేది రెండు దారులున్న ఖరీదైన పెట్టె. ఒక దారిలో హాలోజను బల్బుకు మసకబార్చే పద్ధతి, రెండో దారిలో పరుపుకు విడతల పద్ధతి. దానికీ గోడకూ మధ్య చవకరకం పెట్టె ఒకటి, కావలివాడిగా. కావలివాడి గీత 36 దగ్గర. పెద్దపెట్టె సరిగా ఉన్నంతకాలం వేడి అక్కడికి చేరదు, కావలివాడికి పని ఉండదు. పని లేనివాడు నిద్రపోతాడు గనుక నెలకొకసారి వాడి సెన్సరును గోరువెచ్చని నీళ్ళగ్లాసులో ముంచి 'టిక్కు'మంటున్నాడో లేదో చూస్తాం. హీటరును కూడా కావలసినదానికన్నా పెద్దది కొనలేదు. నూరు వాట్ల బల్బు వెయ్యగలిగిన చోట యాభైతో సరిపోతుంటే యాభయ్యే వెయ్యాలి. అన్ని కావళ్ళూ తప్పినా యాభై చెయ్యగల హాని నూరు చెయ్యగలదానికన్నా తక్కువ.

బిల్లు చూసి మా ఆవిడ తన హైదరాబాదు సామెత బయటికి తీసింది: "చారానా కోడికి బారానా మసాలా." బల్లి ధరకు అయిదింతలైంది మరి. కాదనలేదు. కాకపోతే కోడిని కోసేది ఒక్కరోజు, చిరుతబల్లి పదిహేను, ఇరవయ్యేళ్ళు బతుకుతుంది.

సెన్సరు ఎక్కడ పెట్టాలన్నది ఎంత ఖరీదైన పెట్టెకైనా ప్రాణాధారమైన ప్రశ్న. థర్మోస్టాటుకు లోకమంటే ఆ సెన్సరు మొన ఉన్న చోటే. అది ఊడి చల్లని చివరకు జారితే, పాపం నమ్మకమైన నౌకరులాగా 'ఇంకా చల్లగానే ఉన్నది' అనుకుంటూ పూర్తి శక్తి పంపుతుంది. సెన్సరుతో వచ్చే రబ్బరు చప్పరింపు గిన్నెలు నెలకే ఊడతాయి. అంటుకునే టేపు వాడితే బల్లి చర్మం దానికి అతుక్కుని చిరుగుతుంది. మేము సిలికోనుతో పలకమీద అతికి, తీగను పెంకుగొట్టం కిందినుంచి బయటికి తీశాం. దాని నిజాయితీని కొలవడానికి మంచు నూరి కొంచెం నీళ్ళు కలిపిన గ్లాసు చాలు, అందులో సున్నా చూపాలి. పరారుణ తుపాకీతో పలక వేడిని కొలుస్తూ అంకెలు సరిచూసుకోవచ్చు. మెరిసే లోహాలమీద మాత్రం ఆ తుపాకీ అబద్ధాలాడుతుంది.

ఇంకొక పరీక్ష కొనేముందే అడిగి తెలుసుకోదగినది: కరెంటు పోయి వచ్చాక ఈ పెట్టెకు తన పని గుర్తుంటుందా? కొన్ని మళ్ళీ మొదటినుంచి చెప్పించుకుంటాయి. మాది గుర్తుపెట్టుకునే రకమే. ప్లగ్గు పీకి, పెట్టి చూసి మరీ ఉంచుకున్నాం. ఆ గుణం విలువ 2021 ఫిబ్రవరిలో తెలిసింది.

టెక్సాసు మంచుతుఫానును మీలో కొందరు అనుభవించే ఉంటారు. 15వ తేదీ తెల్లవారుజామున కరెంటు కోతలు మొదలయ్యాయి. రాష్ట్రంలో 45 లక్షలకు పైగా ఇళ్ళు చీకటైపోయాయి. 16వ తేదీ పొద్దున డాలసు విమానాశ్రయం దగ్గర నమోదైన వేడి, వేడి అనవచ్చునంటే, మైనస్ 19 డిగ్రీలు. థర్మోస్టాట్లు రెండూ చీకటి ముఖాలతో కూర్చున్నాయి. మా ఇంట్లో గ్యాసుపొయ్యి ఉన్నది కాబట్టి నీళ్ళు కాచుకోగలిగాం. బంగారిని గాలి రంధ్రాలున్న చిన్న డబ్బాలోకి మార్చి, ఆ డబ్బాను థర్మోకోలు పెట్టెలో ఉంచి, వేడినీళ్ళ సీసాలకు తువాళ్ళు చుట్టి పక్కన పెట్టాం. తిండి పెట్టలేదు. చలిలో తిన్నది అరగదు గనుక ఆకలే దానికి క్షేమం. విమానాలు నిలిచిపోయి 2020నుంచి మా దగ్గరే ఉండిపోయిన అమ్మ, ఆ పెట్టెను తన మంచంమీద, రజాయి కింద పెట్టించుకున్నది. రెండు గంటలకొకసారి మూత కొద్దిగా ఎత్తి, లోపలి థర్మామీటరు చదివి, "ఇరవయ్యొకటి. సీసా మార్చండర్రా" అని కేక వేసేది. ఒకటిన్నర రోజు అలా గడిచింది. పద్దెనిమిదికి కింద దిగనియ్యలేదు. బల్లికి మీరు హీటర్లు పెడతార్రా అన్న మనిషే!

కరెంటు వచ్చినప్పుడు మేము నిద్రలో ఉన్నాం. పొద్దున లేచేసరికి పలక 31 చూపిస్తున్నది. ఎవరూ ఏమీ నొక్కలేదు.

ఒకటి రెండు డిగ్రీలకు ఇంత హడావుడా అని అడిగే మిత్రులకు మా అమ్మాయి చెప్పే సంగతొకటి ఉన్నది. చిరుతబల్లి గుడ్డులో ఆడా మగా నిర్ణయించేది వేడి. 26 డిగ్రీల దగ్గర పొదిగితే దాదాపు అన్నీ ఆడవి. 32, 33 మధ్య ఎక్కువగా మగవి. ఇంకొంచెం పైకి, 34 దాటితే, మళ్ళీ ఆడవి! వేడికీ లింగానికీ ఉన్న ఈ ముడిని సరీసృపాల్లో మొదట గమనించినది మాడలీన్ షార్నియే అనే ఫ్రెంచి పరిశోధకురాలు, 1966లో, సెనెగల్ దేశపు డకారులో. ఆమె చూసినది అగామా, మన తొండల కుటుంబానిదే. విశాఖ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళదీ ఇదే కథ: ఇసుక వెచ్చనైతే ఆడపిల్లలు, చల్లనైతే మగపిల్లలు. అక్కడ ఇసుకకు కావలివాడు ఎవరూ లేరు, వేసవులు ఏటేటా ముదురుతున్నాయి. మా అమ్మాయి ఆ మాట ఎత్తినప్పుడల్లా నేను మరో విషయానికి మారిపోతాను, నా దగ్గర జవాబు లేదు గనుక.

వచ్చే ఆగస్టులో తను కళాశాలకు వెళ్ళిపోతుంది. వసతిగృహంలో చేపలు తప్ప వేరే జంతువులను అనుమతించరట. బంగారి ఇక్కడే ఉంటుంది. లెక్కప్రకారం దానికి ఇంకా పదేళ్ళ ఆయుష్షున్నది. మొన్న ఆదివారం ఇద్దరం కూర్చుని కావలివాణ్ణి మార్చేశాం. బాగానే పనిచేస్తున్నాడు గానీ, ఆరేళ్ళయింది, చెడిపోయేదాకా ఆగడం మా ఇంటి పద్ధతి కాదు. కొత్తదాని అడుగున కొన్న నెల, సంవత్సరం నల్లరంగు పెన్నుతో రాసి, ఒక కాగితం పెట్టె పక్కన అంటించింది. పురుగులు ఏ రోజు, సున్నపు పొడి ఏ రోజు, నెల మొదటి తేదీన గోరువెచ్చని నీళ్ళగ్లాసు. అక్షరాలు తెలుగే. చివరి వరుస కింద రెండు గీతలు గీసి ఉన్నది: "నాన్నా, సెన్సరు కదిలిందేమో రోజూ చూడు. అంకె కాదు, సెన్సరు."